మెట్రో గేటు దగ్గర ఆగిపోయిన బావ

నాంపల్లి మెట్రో స్టేషన్. సాయంత్రం ఐదున్నర. బ్యాగు స్కానర్ బెల్టు మీద పెట్టి నేను లోపలికి వచ్చేశా. వెనక్కి తిరిగి చూస్తే బావ ఇంకా అవతలే నిలబడి ఉన్నాడు. మెటల్ డిటెక్టర్ ఫ్రేమ్ వైపు చూస్తున్నాడు. దాని పక్కన చేతిలో మిషన్ పట్టుకుని ఒక్కొక్కరినీ భుజం నుంచి మోకాలి దాకా చెక్ చేస్తున్న సెక్యూరిటీ అతని వైపు చూస్తున్నాడు. రెండడుగులు ముందుకు వేశాడు. ఆగాడు. ఏదో మర్చిపోయినట్టు జేబులు తడుముకున్నాడు. వెనక్కి తిరిగి మెట్లు దిగిపోయాడు.

ఫోన్ చేశా.

"నువ్వు పో బామ్మర్ది. నేను ఆటోల వస్త."

"ఏమైంది బావా?"

"ఏం కాలే. నువ్వు పో."

అప్పటికి ఆయనకు ఆపరేషన్ అయ్యి ఇరవై రెండు రోజులు. ఊళ్లో అందరికీ హెర్నియా అని చెప్పాం. అసలు సంగతి తెలిసింది ముగ్గురికే. బావకు, అక్కకు, నాకు. ఆయనకు జరిగింది పురుషాంగంలో ఇంప్లాంట్ అమర్చే సర్జరీ.

అవును, మీరు సరిగ్గానే చదివారు. ఈ శీర్షికలో ఇన్నాళ్లూ రూమ్ అద్దెలు, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికే పాత పుస్తకాలు, బ్యాచిలర్ వంటలు, బ్రేకప్‌ల గురించి మాట్లాడుకున్నాం. ఈ వారం దీని గురించి మాట్లాడుకుందాం. రాస్తానంటే బావ మూడు రోజులు ఆలోచించుకున్నాడు. "నా పేరు రాయకు, ఊరి పేరు రాయకు. మిగిలింది మొత్తం రాయి. నాలెక్క ఇంకొకడు నాలుగేండ్లు పాడు చేసుకోవద్దు," అన్నాడు. కాబట్టి తాండూరు లైన్‌లో నాపరాయి దుమ్ము ఎగిరే ఏదో ఒక ఊరు అనుకోండి. బావకు అక్కడ చిన్న పాలిషింగ్ యూనిట్ ఉంది.

లాడ్జి మేడ మీది డాక్టరు

బావ నాకు మేనత్త కొడుకు. 44 ఏళ్లు. షుగర్ బయటపడింది 29కి. మందులు ఒక నెల వేసుకుంటే రెండు నెలలు మానేసేవాడు. "నాకేం కాలే, మంచిగనే ఉన్న" అనేవాడు. నాలుగేళ్ల కింద అంగస్తంభన సమస్య మొదలైంది. మొదట అప్పుడప్పుడు, తర్వాత ఎప్పుడూ. అక్కకు చెప్పలేదు. యూనిట్ లెక్కలు చూసుకోవాలని చెప్పి రాత్రిళ్లు బయటి గదిలో పడుకోవడం మొదలుపెట్టాడు.

రైలు దిగి నాంపల్లి స్టేషన్ బయటికి వస్తే గోడల మీద, కరెంటు స్తంభాల మీద కనిపించే పోస్టర్లు మీరూ చూసే ఉంటారు. గుప్త సమస్యలు, గ్యారంటీ, ఒకే కోర్సు. బావ ఆ పోస్టర్ నంబరుకే ఫోన్ చేశాడు. ఓ లాడ్జి మేడ మీద గదిలో 'డాక్టరు' నాడి పట్టుకుని చూసి పొడి పొట్లాలు ఇచ్చాడు. మొదటిసారి 6 వేలు. రెండోసారి 14 వేలు. మూడోసారి వెళ్తే గదికి తాళం ఉంది.

లైంగిక శక్తి పెంచుతామని మందులకు ప్రకటనలు ఇవ్వడం మన దేశంలో 1954 నాటి చట్టం ప్రకారమే నేరం. డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం అని దాని పేరు. చట్టానికి డెబ్బై ఏళ్లు దాటినా పోస్టర్ ఇంకా అక్కడే ఉంది. ఎందుకంటే మోసపోయినవాడు వెళ్లి కంప్లయింట్ ఇవ్వడు. ఏమని ఇస్తాడు? వాళ్ల వ్యాపారమంతా మన సిగ్గు మీదే నడుస్తుంది.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. మూలికల పొడి అని అమ్మే వాటిలో కొన్నింట్లో చెప్పకుండా సిల్డెనాఫిల్ కలిపిన కేసులు చాలా దేశాల్లో బయటపడ్డాయి. వయాగ్రాలో ఉండే మందు అదే. గుండె నొప్పికి నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లు దాన్ని తీసుకుంటే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదకు వస్తుంది. పొడి ఇచ్చినవాడు "గుండెకు ఏమైనా వాడుతున్నారా" అని అడగడు కదా.

తర్వాత బావ నేరుగా మెడికల్ షాపులో మాత్రలు కొనుక్కున్నాడు. ఏడాది పాటు పనిచేశాయి. ఆ తర్వాత అవీ పనిచేయలేదు. అప్పుడు నాకు ఫోన్ చేశాడు. "అబిడ్స్‌ల మంచి డాక్టర్ ఉంటె చెప్పు. దేనికని అడగకు."

అడగలేదు. బావాబామ్మర్దుల మధ్య ఎంత పచ్చి జోకైనా నడుస్తుంది. కానీ నిజం మాట్లాడటం మాకూ కష్టమేనని ఆ రోజు తెలిసింది.

డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న

అబిడ్స్‌కు, నాంపల్లికి మధ్యలో ఉన్న ఓ ఆసుపత్రిలో యూరాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్లా. ఆయన అడిగిన మొదటి ప్రశ్న పడకగది గురించి కాదు. "మెట్లెక్కితే ఆయాసం వస్తుందా? ఛాతీ పట్టేసినట్టు ఉంటుందా?" అని.

కారణం ఆయనే చెప్పాడు. అంగంలోకి రక్తం తీసుకెళ్లే ధమనుల మందం 1–2 మిల్లీమీటర్లే. గుండెకు రక్తం ఇచ్చేవి 3–4 మిల్లీమీటర్లు ఉంటాయి. షుగర్, కొలెస్ట్రాల్, సిగరెట్లతో రక్తనాళాలు మూసుకుపోవడం మొదలైతే ముందు దెబ్బ తగిలేది సన్నటి వాటికే. అందుకే చాలామందిలో గుండె జబ్బు బయటపడటానికి రెండు మూడేళ్ల ముందే స్తంభన లోపం కనిపిస్తుంది. దాన్ని మగతనానికి సంబంధించిన అవమానంగా చూసి దాచేస్తే, గుండె ముందుగా పంపిన కబురును చింపి పారేసినట్టే.

బావకు ఈసీజీ, గుండె స్కాన్ చేశారు. గుండె బాగానే ఉంది. అంగానికి డాప్లర్ స్కాన్ చేశారు. రక్తనాళాలు బాగా దెబ్బతిన్నాయి. నరాలు కూడా. మూడు నెలల సగటు షుగర్ చూపే హెచ్‌బిఎ1సి పరీక్షలో 10.4 వచ్చింది.

వైద్యం మెట్లు మెట్లుగా ఉంటుంది. ముందు షుగర్, బరువు, పొగ, మానసిక ఒత్తిడి సంగతి చూస్తారు. తర్వాత మాత్రలు. అవి పనిచేయకపోతే అంగంలోకి నేరుగా ఇచ్చే ఇంజెక్షన్, లేదంటే గాలి పీల్చే వాక్యూమ్ పరికరం. ఇవేవీ కుదరకపోతేనే చివరి మెట్టు ఇంప్లాంట్. ఎందుకు చివరిదంటే, అమర్చేటప్పుడు లోపలున్న స్పంజిలాంటి కణజాలాన్ని తొలిచి దారి చేస్తారు. తర్వాత ఎప్పుడైనా ఇంప్లాంట్ తీసేసినా సహజ స్తంభన తిరిగి రాదు. అది ఒకవైపు దారి.

బావ అన్ని మెట్లూ ఎక్కాడు. ఇంజెక్షన్ చూసి భయపడ్డాడు, రెండుసార్లు చేసుకుని మానేశాడు. చివరి మెట్టు దగ్గర డాక్టర్ రెండు షరతులు పెట్టాడు. ఒకటి, షుగర్ తగ్గించుకుని రావాలి. అది ఎక్కువగా ఉంటే లోపల ఇన్ఫెక్షన్ వచ్చే ముప్పు పెరుగుతుంది. రెండోది, "వచ్చేసారి మీ ఆవిడతో రండి."

మొదటిదానికి ఐదు నెలలు పట్టింది. 10.4 కాస్తా 7.2కి దిగింది. రెండోదానికి అంతకంటే ఎక్కువ కష్టపడ్డాడు.

"నన్ను ఎవరన్న అడిగిన్రా?"

అక్క ఆసుపత్రికి వచ్చిన రోజు నేను బయటే కూర్చున్నా. లోపల ఏం మాట్లాడుకున్నారో తెలియదు. ముప్పావుగంట తర్వాత బయటికొచ్చారు. బావ మందుల చీటీ పట్టుకుని ఫార్మసీ లైన్‌లో నిలబడ్డాడు. అక్క వచ్చి నా పక్కన కూర్చుంది. చాలాసేపు ఏం మాట్లాడలేదు.

"నాలుగేండ్ల సంది నేనే ముసల్దాన్నైన అనుకున్న తమ్మీ. ఇంకెవరన్న ఉన్నరేమో అని ఫోన్ గుడ చూసిన. ఒక్క మాట చెప్తె ఏమైతుండె?"

అక్కకు 39 ఏళ్లు. నా దగ్గర సమాధానం లేదు.

ఇంకాసేపటికి మళ్లీ తనే అంది. "ఇప్పుడు ఆపరేషన్ అంటున్నడు. అది నాకు కావాల్నా వద్దా అని నన్ను ఎవరన్న అడిగిన్రా? డాక్టర్ సారే అడిగిండు మొదటిసారి."

అక్క ఒప్పుకుంది. ఆ కోపం మాత్రం అక్కడితో పోలేదు. ఆ సంగతి తర్వాత చెప్తా.

లోపల ఏం పెడతారు?

రెండు ముఖ్యమైన రకాలున్నాయి. ఒకటి వంచుకునే రకం. రెండు సిలికాన్ కడ్డీలు లోపల ఉంటాయి. అవసరమైనప్పుడు పైకి లేపాలి, మిగతా సమయంలో కిందికి వంచుకోవాలి. ఎప్పుడూ గట్టిగానే ఉంటుంది. రెండోది నీటితో నింపే రకం. అందులో మూడు భాగాలుంటాయి. అంగంలో రెండు గొట్టాలు, వృషణాల సంచిలో చిన్న పంపు, పొట్ట కింది భాగంలో సెలైన్ నీళ్ల తిత్తి. పంపు నొక్కితే నీళ్లు గొట్టాల్లోకి వచ్చి గట్టిపడుతుంది. పని అయ్యాక బటన్ నొక్కితే నీళ్లు వెనక్కి వెళ్లి మెత్తబడుతుంది. అన్నీ లోపలే ఉంటాయి, బయటికి ఏమీ కనిపించదు.

ఇదేదో నిన్న మొన్న పుట్టింది కాదు. అమెరికాలోని హ్యూస్టన్‌లో బ్రాంట్లీ స్కాట్ అనే యూరాలజిస్ట్ తన సహచరులతో కలిసి నీటితో నింపే రకాన్ని 1973లోనే ప్రపంచానికి చూపించాడు. వయాగ్రాకు అమెరికాలో అనుమతి వచ్చింది 1998లో. అంటే మాత్ర కంటే ఇంప్లాంటే పాతికేళ్లు పెద్దది. మన దగ్గర ముంబైకి చెందిన ఆండ్రాలజిస్ట్ రూపిన్ షా తక్కువ ఖర్చులో దొరికేలా వంచుకునే రకం ఒకటి తయారు చేశారు. ఆయన పేరుతోనే షా ఇంప్లాంట్ అంటారు. విదేశాల నుంచి వచ్చే మూడు భాగాల రకం ఖర్చు లక్షల్లో ఉంటుంది. ఇన్సూరెన్స్ వాళ్లు చాలాసార్లు దీనికి డబ్బివ్వరు. ముందే అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది.

ఇద్దరు పిల్లల ఫీజులు లెక్కేసుకుని బావ వంచుకునే రకమే ఎంచుకున్నాడు.

ఒక విషయం స్పష్టంగా తెలుసుకోండి. ఇంప్లాంట్ ఇచ్చేది గట్టిదనం మాత్రమే. కోరికను అది పుట్టించదు. చర్మం మీద స్పర్శ ముందు ఎలా ఉందో దాదాపు అలాగే ఉంటుంది. భావప్రాప్తి, వీర్యం, పిల్లలు పుట్టే అవకాశం దీనివల్ల మారవు. ముందు ఉంటే తర్వాతా ఉంటాయి.

నేరేడు పండు రంగు

డిసెంబర్‌లో సర్జరీ అయ్యింది. మర్నాడు మూత్రం గొట్టం తీసేశారు. ఆ మర్నాడు డిశ్చార్జ్. ఎస్సార్ నగర్‌లో నా రూమ్‌కు తీసుకొచ్చా.

మొదటి వారం బావ మాట్లాడిందే తక్కువ. కింద అంతా వాచి, నేరేడు పండు రంగులోకి తిరిగింది. చూసుకుని భయపడ్డాడు. రాత్రి పదకొండు గంటలకు డాక్టర్‌కు ఫోన్ చేయించాడు. "ఆ రంగు మామూలే, రెండు వారాల్లో తగ్గుతుంది. జ్వరం వచ్చినా, చీము కారినా, ఎర్రదనం రోజురోజుకీ పెరుగుతున్నా అప్పుడు మాత్రం వెంటనే రండి," అన్నాడాయన. ఇంప్లాంట్‌కు ఇన్ఫెక్షన్ వస్తే చాలాసార్లు మొత్తం తీసేయాల్సి వస్తుంది. మొదటిసారి సర్జరీ చేయించుకున్నవాళ్లలో అది సాధారణంగా నూటికి 1 నుంచి 3 మందికి వస్తుంది. షుగర్ అదుపులో లేకపోతే ఆ ముప్పు పెరుగుతుంది. బావ ఐదు నెలలు అన్నం తగ్గించి, జొన్నరొట్టె తిని, పొద్దున్నే నడిచింది అందుకే.

రెండో వారం నుంచి అసలు కథ మొదలైంది. నొప్పి కాదు, అలవాటుపడటం.

ఎటు పెట్టుకోవాలి? నవ్వకండి, ఇది నిజమైన సమస్య. వంచుకునే రకం ఎప్పుడూ కొంత గట్టిగానే ఉంటుంది కాబట్టి ప్యాంటులో బయటికి కనిపిస్తుందని భయం. డాక్టర్ చెప్పినట్టు పైకి, పొట్టవైపు ఆన్చి బిగుతైన డ్రాయర్ వేసుకోవడం నేర్చుకున్నాడు. అబిడ్స్‌లో తిరిగి మోకాళ్ల దాకా వచ్చే కుర్తాలు నాలుగు కొన్నాం. టక్ చేసుకోవడం మానేశాడు. కింద బాసింపట్టు వేసి కూర్చోలేకపోయాడు. రైల్లో ఇండియన్ టాయిలెట్‌కు వెళ్లడానికి భయపడి నీళ్లు తాగడం తగ్గించాడు. దానికి డాక్టర్ చేత తిట్లు తిన్నాడు.

బరువులు ఎత్తకూడదన్నారు. నాపరాళ్ల యూనిట్ నడిపే మనిషికి ఆ మాట చెప్పడం ఎంత కష్టమో ఆలోచించండి. హమాలీలు రాయి దించుతుంటే చేయి వేయకుండా నిలబడటం ఆయనకు అలవాటు లేదు. "హెర్నియా" అన్న అబద్ధం అక్కడ కాస్త పనికొచ్చింది.

ఓ రాత్రి లైట్ ఆర్పాక చీకట్లో అన్నాడు. "ఇది నాది కాదనిపిస్తున్నది బామ్మర్ది. ఎవరిదో సామాను నా దగ్గర దాచిపెట్టినట్టు ఉన్నది."

ఇంకోటి కూడా చెప్పాడు. తాను గుర్తుపెట్టుకున్న దానికంటే పొట్టిగా అయిపోయిందని. డాక్టర్‌ను అడిగితే దాచలేదు. ఏళ్ల తరబడి స్తంభన లేకపోతే కణజాలం కుంచించుకుపోతుంది. ఉన్న పొడవుకు సరిపోయే కడ్డీనే అమరుస్తారు, పెంచలేరు. పైగా సహజంగా జరిగినప్పుడు ముందు భాగం కూడా ఉబ్బుతుంది, ఇంప్లాంట్‌తో అది మెత్తగానే ఉంటుంది. ఇవి సర్జరీకి ముందే చెప్పారు. బావ విన్నాడు. కానీ వినడం వేరు, అద్దంలో చూసుకోవడం వేరు. పోయింది ఇక రాదని అప్పుడు అర్థమైంది. నాలుగేళ్ల కిందే ఏడవాల్సింది ఆ రోజు ఏడ్చాడు. నేను నిద్రపోయినట్టు పడుకున్నా.

మెట్రో గేటు సంగతి జరిగింది ఆ తర్వాతి వారమే. ఆ కర్రలాంటి మిషన్ అక్కడ మోగుతుందేమో, అందరి ముందు "జేబులో ఏముంది" అని అడుగుతారేమో అని భయం. సర్జరీ అయ్యాక ఆసుపత్రి వాళ్లు ఇంప్లాంట్ కార్డు ఇస్తారు. ఆయన పర్సులో అది ఉంది. కానీ దాన్ని తీసి చూపించడం కంటే ఆటోకు 200 ఇవ్వడమే ఆయనకు తేలికనిపించింది.

బెంచీ మీద ఇంకో కుర్రాడు

చెకప్‌కు వెళ్లిన ఓ రోజు మా పక్కన ఇరవై ఆరేళ్ల కుర్రాడు కూర్చున్నాడు. బైక్ యాక్సిడెంట్. కటి ఎముక విరిగి, మూత్రనాళం దెబ్బతిని, నరాలూ రక్తనాళాలూ పోయాయి. మూడు భాగాల ఇంప్లాంట్ పెట్టారు. ఆ రోజు నర్సు పంపు ఎలా నొక్కాలో నేర్పింది. సర్జరీ తర్వాత కొన్ని వారాలకు, వాపు తగ్గాక ఇది మొదలుపెడతారు. రోజూ నింపి, ఖాళీ చేసి అలవాటు చేసుకోవాలి. మొదట్లో పంపు ఎక్కడుందో వేళ్లకు దొరకదు, నొక్కితే నొప్పి. కుర్రాడు చెమటలు కక్కుతూ బయటికొచ్చాడు. వాళ్ల నాన్న పక్కనే ఉన్నాడు గానీ కొడుకు మొహం వైపు చూడటం లేదు, టీవీలో వస్తున్న స్క్రోలింగ్ చదువుతున్నాడు.

ఇది ముసలివాళ్ల సమస్య అని నేనూ అనుకునేవాణ్ణి. 2023లో హైదరాబాద్‌లోనే మెడికవర్ ఆసుపత్రి డాక్టర్లు సోమాలియా నుంచి వచ్చిన ఓ యువకుడికి ముంజేతి కణజాలంతో అంగాన్ని తయారు చేసి, తర్వాత అందులో ఇంప్లాంట్ అమర్చారు. పేపర్లలో వచ్చింది. మన వయసువాళ్లకు ఇంకో కారణం కూడా ఉంది. కోరిక లేకుండానే స్తంభన నాలుగు గంటలు దాటి తగ్గకపోతే అది ఎమర్జెన్సీ. సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లకు, కొన్ని మందులు వాడేవాళ్లకు వస్తుంది. సిగ్గుపడి రెండు రోజులు ఇంట్లో కూర్చుంటే లోపలి కణజాలం శాశ్వతంగా చచ్చిపోతుంది. గంటల్లో ఆసుపత్రికి వెళ్తే చాలా వరకు కాపాడొచ్చు.

ఆ కుర్రాడు బావను మెల్లగా అడిగాడు. "అన్నా, పెళ్లి చూపులంటున్నరు ఇంట్ల. అమ్మాయికి చెప్పాల్నా?"

బావ వెంటనే అన్నాడు. "చెప్పాలె తమ్మీ. ముందే చెప్పాలె. నేను చెప్పక నాలుగేండ్లు పోగొట్టుకున్న."

వాళ్ల నాన్న టీవీ మీంచి చూపు తిప్పి మొదటిసారి బావ వైపు చూశాడు.

నుమాయిష్‌కు పోదాం

ఆరు వారాలకు డాక్టర్ చూసి "అంతా బాగుంది. ఇక మీ ఇష్టం," అన్నాడు. అది జనవరి చివర. బయటికొస్తే నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్ వైపు ఎక్కడ చూసినా జనమే. సాధారణంగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా అక్కడ అంతే కదా. అక్క "నుమాయిష్‌కు పోదాం" అంది. ఆ రద్దీలో ఎవరు తగులుతారో అని బావ భయం. అయినా వెళ్లారు. నేను ఆఫీసుకు వచ్చేశా. రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్‌లో జెయింట్ వీల్ ఫొటో వచ్చింది. వీల్ మాత్రమే, మనుషులు లేరు.

తర్వాత ఏమైందని నేను అడగలేదు. నెల రోజులకు బావే చెప్పాడు. మొదటిసారి ఏమీ కుదరలేదట. ఆయనకు పరీక్ష రాస్తున్నట్టు, అక్కకు ఆయనకు నొప్పి పుడుతుందేమో అని భయం. అక్క శరీరం కూడా సిద్ధంగా లేదు. నాలుగేళ్లు దూరంగా ఉన్న మనిషి ఒక్క రాత్రిలో దగ్గరవుతాడా? ఇద్దరూ లేచి కూర్చున్నారు. అప్పుడు అక్క గొడవ పెట్టుకుంది. "గది మార్చినవ్ గాని నాకు మాట చెప్పలే. ఆపరేషన్ చేయించుకున్నవ్ గాని గా మాట ఇప్పటికీ చెప్పలే."

తెల్లారి నాలుగింటి దాకా మాట్లాడుకున్నారట. లాడ్జి డాక్టరు, పొడి పొట్లాలు, ఫోన్ చెక్ చేయడం, బయటి గది, అన్నీ. "గా రోజు ఆపరేషన్ కంటె ఎక్కువ నొప్పి లేసింది," అన్నాడు బావ.

చెకప్‌లో డాక్టర్ చెప్పింది కూడా ఇదే. ఇంప్లాంట్‌తో మగవాడు ఎప్పుడైనా రెడీనే. భార్య మనసూ శరీరమూ రెడీగా ఉన్నాయా అన్నది ఆ కడ్డీ చెప్పదు. తొందరపడొద్దు, అవసరమైతే నీటితో చేసిన జెల్ వాడండి అన్నాడు. చాలా అధ్యయనాల్లో ఇంప్లాంట్ పెట్టుకున్నవాళ్లలో 80 శాతానికి పైగా సంతృప్తిగా ఉన్నామని చెప్పారు. కానీ ఆ సంతృప్తి ఆరో వారంలో రాదు. చాలామందికి కొన్ని నెలలు పడుతుంది. అలవాటుపడాల్సింది ఇద్దరూ.

మార్చిలో బావ మళ్లీ సిటీకి వచ్చాడు. బయటి గదిలోని మంచం ఇప్పుడు కొడుకు పుస్తకాలకు పనికొస్తోందని చెప్పాడు. అంతకంటే నేనూ అడగలేదు.

సాయంత్రం నాంపల్లి మెట్రోకు వచ్చాం. బావ నాకంటే ముందు నడిచాడు. ఫ్రేమ్‌లోంచి దాటాడు. చేతులు చాపి నిలబడ్డాడు. మిషన్ కుయ్‌మంది. బావ మొహంలో రక్తం లేదు. సెక్యూరిటీ అతను నడుం దగ్గర చూపించి, "బెల్టు బకిల్ సార్. పోండి పోండి," అన్నాడు. వెనక లైన్ పెద్దగా ఉంది.

ఎస్కలేటర్ మీద బావ నవ్వడం మొదలుపెడితే లక్డీకాపూల్ దాటేదాకా ఆపలేదు.

చివరిగా, మీకోసం

మీ నాన్నో, బాబాయో, బావో షుగర్ ఉండి ఈ మధ్య ముభావంగా, విడిగా ఉంటుంటే అది 'వయసు' అని వదిలేయకండి. మీరు నేరుగా అడగలేరు, నాకు తెలుసు. "ఓసారి ఫుల్ చెకప్‌కు పోదాం" అని మాత్రం అనగలరు. మీకే ఈ సమస్య ఉంటే గోడ మీది నంబరుకు కాకుండా యూరాలజిస్ట్‌కు ఫోన్ చేయండి. వంద మందిలో చాలామందికి ఇంప్లాంట్ దాకా వెళ్లాల్సిన అవసరమే రాదు, ముందు మెట్ల దగ్గరే ఆగిపోతారు. వెళ్లాల్సి వస్తే డాక్టర్‌ను ఇవి అడగండి: ఏ రకం, ఎందుకు? మీరు ఇలాంటివి ఎన్ని చేశారు? పొడవు, స్పర్శ ఎలా ఉంటాయి? ఎన్నేళ్లు పనిచేస్తుంది, పాడైతే మార్చడానికి ఎంత? చాలా పరికరాలు పదేళ్లకు పైనే పనిచేస్తాయి, కానీ జీవితాంతం అనే గ్యారంటీ లేదు. తర్వాత ఎప్పుడైనా ఎంఆర్‌ఐ తీయాల్సి వచ్చినా, మూత్రం గొట్టం వేయాల్సి వచ్చినా ఇంప్లాంట్ ఉందని ముందే చెప్పాలి. ఆ కార్డు పర్సులో ఉండాలి.

ఇంకో మాట. మా ఇంట్లో నాన్నకు షుగర్, మేనత్తకు షుగర్, బావకు షుగర్. నాకు 28 ఏళ్లు, పొద్దున్నుంచి రాత్రి దాకా కుర్చీలోనే. రోజూ నాలుగు ఇరానీ చాయ్‌లు, అందులో రెండు ఉస్మానియా బిస్కెట్లతో. బావను రైలెక్కించి వస్తూ అబిడ్స్‌లో ల్యాబ్‌కు వెళ్లి రక్తం ఇచ్చా. మర్నాడు ఫోన్‌కు రిపోర్ట్ వచ్చింది. హెచ్‌బిఎ1సి 6.1. అంటే షుగర్ ఇంకా రాలేదు, గుమ్మం దాకా వచ్చి నిలబడింది. 5.7 నుంచి 6.5 లోపు ఉంటే అదే అర్థం.

స్క్రీన్‌షాట్ బావకు పంపా. ఐదు నిమిషాల్లో ఫోన్.

"రేపటి సంది పొద్దున ఐదింటికి నేను లేపుత. నడువు," అన్నాడు.

రోజూ లేపుతున్నాడు. ఆదివారం కూడా.